మంచు కొరకు కనిపెట్టే ఊరు

మీ పిల్లల స్కూలు అట్లాసు ఒకసారి తెరచి కెనడా దేశపు పటము చూడండి. పైభాగమున ఆ దేశాన్ని లోపలికి తొలుచుకొని వచ్చినట్లు ఒక పెద్ద సముద్రము కనిపిస్తుంది. అది హడ్సన్ అఖాతము. దాని పడమటి ఒడ్డున, చర్చిల్ అనే నది సముద్రములో కలిసే చోట, అదే పేరుగల చిన్న ఊరు ఉన్నది. 2021 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నివసించేవారు 870 మంది. మన వైపు ఒక మాదిరి పల్లెలో ఇంతకు మూడింతల జనముంటారు. ఆ ఊరికి రోడ్డు లేదు. విమానములోనైనా వెళ్ళాలి, రైలులోనైనా వెళ్ళాలి. అయినను ప్రతి సంవత్సరము అక్టోబరు, నవంబరు నెలలలో లోకము నలుమూలల నుండి వేలాదిమంది అక్కడికి వస్తారు. వారు చూడవచ్చేది ఒక్క జంతువును. అదే తెల్ల ఎలుగుబంటి.

చర్చిల్ అనగానే రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఇంగ్లండు ప్రధానమంత్రి గుర్తుకు వస్తాడు. ఆయన కాదు. ఆయన పూర్వికుడైన జాన్ చర్చిల్ హడ్సన్స్ బే కంపెనీకి గవర్నరుగా ఉండెను. అందువలన ఆ నదికి ఆ పేరు వచ్చినది. మన దేశములో ఈస్టిండియా కంపెనీ నూలుబట్టలు, మిరియాలు కొన్నట్లే అక్కడ ఆ కంపెనీ జంతువుల తోళ్ళు కొనేది. 1717లో ఆ నది యొద్ద వారి వర్తక స్థావరము మొదలైనది.

గుంటూరు జిల్లాలో బోర్డింగు స్కూలులో మాతో ఒకే బెంచీమీద కూర్చొని చదివిన మిత్రుడొకరు ఇరవై యేండ్లుగా కెనడాలోని విన్నిపెగ్ పట్టణములో ఆసుపత్రి ల్యాబులో పని చేయుచున్నారు. 2023 నవంబరులో ఆయన పిలుపు మీద మేము అక్కడికి వెళ్ళాము. వెళ్ళిన రెండవ రోజుననే ఆయన రైలు టిక్కెట్లు మా చేతిలో పెట్టారు. "అయ్యగారూ, చిన్నప్పుడు సైన్సు మాస్టారు తెల్ల ఎలుగుబంటి బొమ్మ గీస్తే మనిద్దరం దానికి కొమ్ములు పెట్టి దెబ్బలు తిన్నాం, గుర్తుందా? పద, అసలుదాన్ని చూద్దాం" అన్నారు. మేము పాస్టరైన నాటినుండి ఆయన మమ్మును ఎగతాళిగా అయ్యగారూ అని పిలుస్తారు గాని నువ్వు అనుట మానలేదు. ప్రయాణపు ఖర్చంతయు ఆయనదే. పల్లె సంఘపు పాస్టరు జీతముతో అయ్యే పని కాదది.

ఇంటినుండి తీసికొనిపోయిన మంకీ క్యాపు, రెండు స్వెట్టర్లు బయటకు తీయగా ఆయన భార్య వాటిని చూచి నవ్వి, "అన్నయ్యగారూ, అవి ఇంట్లో వేసుకోండి" అని చెప్పి, ఆయన పాత కోటు, మోకాళ్ళదాక వచ్చే బూట్లు, లోపల ఉన్ని కుట్టిన చేతితొడుగులు ఇచ్చినది. చర్చిల్‌లో దిగిన తరువాత ఆ సహోదరిని ఎన్నిసార్లు తలంచుకొన్నామో.

విన్నిపెగ్ నుండి చర్చిల్‌కు రైలు దారి సుమారు 1,700 కిలోమీటర్లు. విజయవాడ నుండి ఢిల్లీకి వెళ్ళే దూరము కంటె కొంచెమే తక్కువ. మధ్యాహ్నము ఎక్కితే రెండు రాత్రులు రైలులో గడిపి మూడవనాటి ఉదయము దిగాలి. మొదట గోధుమ పొలాలు. కోత అయిపోయి మోళ్ళు మాత్రమే మిగిలినవి. మరునాడు తెల్లవారేసరికి పొలాలు లేవు, అంతయు అడవి. స్ప్రూస్ అనే సూదిమొన చెట్లు. దూరము నుండి మన సరుగుడు తోటలే జ్ఞాపకము వచ్చినవి. ఉత్తరానికి పోయిన కొలది ఆ చెట్లు పొట్టివవుతూ, పలుచబడుతూ వచ్చినవి. మూడవ రోజున చూచినవి మనిషి ఎత్తు కూడ లేవు. సముద్రము దగ్గరకు వచ్చేసరికి వాటికి ఒక్క ప్రక్కనే కొమ్మలు. ఉత్తరపు గాలి మంచు రవ్వలను విసరి కొట్టి రెండవ ప్రక్క కొమ్మలను బ్రతుకనియ్యదు. జెండా కర్రలు నాటినట్లు అన్ని చెట్లును ఒకే దిక్కు చూపించుచున్నవి.

ఆ దారిలో మేము కిటికీ వదలక చూచినది టెలిగ్రాఫు స్తంభాలను. ఒక్కొక్క స్తంభానికి మూడు కర్రలు, ముక్కాలిపీట వలె. ఎందుకని అడుగగా మా మిత్రుడు చెప్పారు. అక్కడ నేల అడుగున ఎల్లకాలము గడ్డకట్టియే ఉంటుంది. పై పొర మాత్రము వేసవిలో కరిగి చలికాలములో మరల గడ్డకట్టును. అలా ఉబ్బినప్పుడెల్ల నేల తనలో పాతిన కర్రను పైకి నెట్టివేయును. కాబట్టి పాతకుండ మూడు కాళ్ళమీద నిలబెట్టారు. అటువంటి నేలమీద 1929లో ఈ రైలు మార్గము పూర్తి చేశారు. 1931లో ఓడరేవు తెరచారు. 2017లో వరదలు పట్టాలను అనేక చోట్ల కొట్టుకొనిపోగా, మరల రైలు నడచుటకు 2018 చివరి వరకు పట్టినది. ఒకటిన్నర సంవత్సరము ఉప్పు పప్పు సహితము విమానములో తెచ్చుకొని తిన్న ఊరది.

రైలులో మా ఎదుటి సీటున క్రీ జాతికి చెందిన ఒక అవ్వ కూర్చున్నది. గిలమ్ అనే ఊరిలో కూతురింటికి పోవుచున్నదట. ఆమె ఒడిలో ఒక పాత పాటల పుస్తకము. దాని అక్షరాలు చూచి మేము ఆశ్చర్యపడ్డాము. త్రికోణాలు, కొక్కేలు, వంపులు. ఆ లిపి కథ పాఠకులకు చెప్పక తప్పదు. 1840లో నార్వే హౌస్ అనే చోట జేమ్స్ ఎవాన్స్ అను మిషనరీ క్రీ భాషకు దానిని రూపొందించాడు. మన గుణింతములో క, కా, కి, కీ అని అక్షరానికి గుర్తులు చేర్చుతాము గదా. ఆయన గుర్తు చేర్చక, అక్షరాన్నే నాలుగు దిక్కులకు త్రిప్పినాడు. ఏ దిక్కు చూస్తే ఆ అచ్చు. ఆయనకు మన దేవనాగరి లిపి కొంత ఆధారమైనదని పండితులు చెప్పుదురు. అచ్చు యంత్రము లేదు. టీ పెట్టెల లోపలి సీసపు రేకు కరిగించి అక్షరాలు పోతపోసి, దీపపు మసితో సిరా చేసి, తోళ్ళను అదిమి కట్టలు కట్టే యంత్రమును అచ్చు యంత్రముగా వాడినాడు. నేర్చుకొనుట తేలిక గనుక ఒకరి నుండి ఒకరికి ఆ లిపి అడవులన్నియు ప్రాకిపోయినది.

మేము తెల్ల ఎలుగుబంట్లను చూడబోవుచున్నామని విని ఆ అవ్వ, "వాపస్క్" అని, తమ భాషలో దాని పేరు చెప్పినది. చర్చిల్‌కు దక్షిణాన తల్లి ఎలుగుబంట్లు గుహలు త్రవ్వుకొని ఈనే ప్రాంతాన్ని 1996లో జాతీయ వనముగా చేసి దానికి ఆ పేరే పెట్టారు. అవ్వ మరి కొంచెమాగి, "అవి మిమ్ములను ముందుగా చూస్తాయి" అన్నది.

చర్చిల్ స్టేషనులో దిగినప్పుడు సున్నకు దిగువ 14 డిగ్రీలు. అంకె మాకు ఏమియు చెప్పలేదు గాని, ముక్కులో శ్వాస గడ్డకట్టి గుచ్చుకొనుట చెప్పినది. ఊరంతయు పావుగంటలో నడచి తిరుగవచ్చును. అయితే అలా తిరుగరాదు. ప్రతి వీధి చివర ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక పలక ఉన్నది. అక్కడి జనులు ఇంటి తలుపులకు, కారు తలుపులకు తాళము వేయరు. వీధిలో నడచేవానికి ఉన్నట్టుండి ఎలుగుబంటి ఎదురైతే, దగ్గరలో ఏ తలుపు ఉంటే అది తోసుకొని లోపలికి దూరుటకు. ఎవరి ఇల్లని అడుగరు, ఎందుకు వచ్చావని అడుగరు. మా మిత్రుడు మొదటి రోజే ఒక కారు తలుపు లాగి పరీక్షించి చూచారు. తెరచుకొన్నది! రాత్రి పది గంటలకు సైరను మ్రోగింది. బయట ఉన్నవారు ఇండ్లకు చేరుకోవాలని దాని భావము.

ఈ జాగ్రత్తలు వట్టివి కావు. 1983 నవంబరులో కాలిపోయిన హోటలులోనుండి మాంసము ఏరి జేబులలో పెట్టుకొని నడచిపోవుచున్న ఒక మనుష్యుని ఎలుగుబంటి నడివీధిలో చంపినది. మగ ఎలుగుబంటి 400 నుండి 600 కిలోల బరువు తూగుతుంది. ఇద్దరు ఎడ్లు కలిసినంత అనుకొనండి. అది పరుగెత్తితే మనిషి తప్పించుకొనలేడు. ఒకప్పుడు ఊరిలోకి వచ్చిన ఎలుగుబంటికి తుపాకి గుండే గతి. 1982 నుండి వేరొక పద్ధతి పెట్టారు. దానిని ఆ ఊరివారు ఎలుగుబంట్ల జైలు అంటారు. పాత మిలిటరీ కట్టడములో 28 గదులు. పిలిస్తే పగలైనా రాత్రియైనా అధికారులు వచ్చి, ముందు పెద్ద శబ్దము చేసే టపాకాయలు ప్రేల్చి తరుముతారు. పోకపోతే బోనులో పట్టియో, మత్తు సూది వేసియో ఆ జైలులో పెడతారు. అక్కడ నీళ్ళు తప్ప ఆహారము పెట్టరు. కఠినముగా తోచవచ్చును. పెడితే ఆ రుచికి మరల ఊరిలోకి వచ్చును, వస్తే చచ్చును. కొన్ని వారాలుంచి, వలలో చుట్టి హెలికాప్టరుకు వ్రేలాడదీసి దూరముగా ఉత్తరాన విడిచిపెడతారు. ఊరి చెత్తకుప్ప మీద కూడ ఇవి గుంపులుగా మేసేవట. 2005లో ఆ కుప్పను మూసివేసి చెత్తను నాలుగు గోడల మధ్యకు మార్చారు.

ఇది వినుచున్నప్పుడు మాకు శ్రీకాకుళము ఉద్దానపు జీడితోటలు కళ్ళముందు మెదిలినవి. అక్కడి ఎలుగుబంట్లు నల్లవి, చిన్నవి. అయినను తెల్లవారుజామున తోటకు పోయే రైతుకు దాని భయము ఏ మాత్రము తక్కువ కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలములో ఒక ఎలుగుబంటి మనుష్యులమీద పడి ఒకరి ప్రాణము తీసినది, పలువురిని గాయపరచినది. మత్తు సూది వేసి పట్టుకొన్న తరువాత అదియు చనిపోయినది. మా మిత్రునితో ఈ మాట చెప్పగా ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆయన తల్లిగారిది ఆ వైపే.

ఇంతకు ఈ తెల్ల ఎలుగుబంట్లు చర్చిల్‌కే ఎందుకు వస్తాయి? అవి ఊరికొరకు రావు, మంచు కొరకు వస్తాయి. వాటి ఆహారము సీలు అనే సముద్ర జంతువు. ఈతలో సీలును పట్టుకొనుట ఎలుగుబంటికి సాధ్యము కాదు. సముద్రము గడ్డకట్టినప్పుడు, ఊపిరి పీల్చుకొనుటకు సీలు మంచులో రంధ్రము చేసికొని పైకి వచ్చును. ఎలుగుబంటి ఆ రంధ్రము ప్రక్కన గంటల తరబడి కదలక మెదలక పడియుండి, తల పైకి రాగానే పంజాతో పట్టును. అందుచేత వాటికి పంట కాలము మంచు కాలమే. జూలైలో అఖాతపు మంచు కరిగిపోగానే ఒడ్డుకు చేరుకొంటాయి. అప్పటినుండి నవంబరు వరకు గట్టి ఆహారము లేదు. గడ్డి, నాచు, పండ్లు, చచ్చిన పక్షి వంటివి నోట వేసికొన్నను అవి లెక్కలోనివి కావు. ఒంటిలో నిలువ చేసికొన్న క్రొవ్వు మీదనే బ్రతుకుతాయి. దినమునకు దాదాపు ఒక కిలో బరువు తగ్గుతాయి. నదుల నీరు ఉప్పు లేనిది గనుక ముందుగా గడ్డకట్టును, గాలియు ప్రవాహమును ఆ మంచును ఈ ఒడ్డునకు చేర్చును. అఖాతములో మంచు ముందుగా నిలిచే చోట్లలో ఇది ఒకటని ఎలుగుబంట్లకు తెలుసు. అందుకే వచ్చి కూర్చుంటాయి.

మరునాడు ఉదయము మమ్మును టండ్రా బండి ఎక్కించారు. బస్సు వంటి బండికి మనిషి ఎత్తు చక్రాలు. ఎలుగుబంటి వెనుక కాళ్ళమీద నిలిచినను కిటికీ అందకుండ ఆ ఎత్తు. డ్రైవరు యాభై యేండ్ల స్త్రీ, ఆ ఊరిలోనే పుట్టి పెరిగినది. సూర్యుడు ఎనిమిది గంటలకు గాని రాలేదు. వచ్చినవాడు కూడ ఆకాశమధ్యానికి ఎక్కక, తాటిచెట్టంత ఎత్తున అంచు వెంబడి నడచిపోయి నాలుగున్నరకు ముందే దిగిపోయాడు.

మొదటి రెండు గంటలు మాకు ఏమియు కనిపించలేదు. చదునైన నేల, గడ్డకట్టిన గుంటలు, ఎర్రని విల్లో పొదలు, దూరాన నల్లని సముద్రము. తెల్లగా కనిపించిన ప్రతి దానిని మేము వ్రేలు పెట్టి చూపుట, డ్రైవరమ్మ "రాయి" అనుట. మా మిత్రుడు ఆరు రాళ్ళు కనిపెట్టారు, మేము తొమ్మిది. ఆ తరువాత ఒక పొద క్రింద మంచు ముద్దలు కదలినవి. టార్మిగన్ అనే పక్షులు, కోడిపెట్ట కంటె చిన్నవి, ఇరవైకి పైగా ఉండవచ్చును. వేసవిలో గోధుమ రంగు, చలికాలములో తోక తప్ప ఒళ్ళంతయు తెలుపు. కాళ్ళ వ్రేళ్ళకు సహితము ఈకలు, చెప్పులు తొడుక్కొన్నట్లు. వాటి వెనుకనే తెల్లనక్క, పిల్లికంటె కొంచెము పెద్దది. అది మంచు మీద చెవి ఆనించి విని, ఒక్కసారిగా పైకెగిరి తలక్రిందులుగా మంచులో దూకి, నోట చిన్న ఎలుకతో లేచినది. మా మిత్రుడు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

పదకొండు గంటలకు డ్రైవరమ్మ బండి ఆపివేసి, ఏమియు చెప్పక ముందుకు చూపించినది. మేము రాయి అనుకొన్నది లేచి నిలబడినది. తెలుపు అంటారు గాని, మంచు ప్రక్కన చూస్తే అది తెలుపు కాదు, పాలమీగడ రంగు. దాని వెంట్రుకలకు అసలు రంగే లేదట, లోపల బోలుగా గాజు పోగులవలె ఉండును, చర్మము నలుపు. నడకలో తొందర లేదు. తల క్రిందికి వ్రేలాడవేసి, ముందు పాదాలు కొంచెము లోపలికి త్రిప్పి నడుస్తుంది. మరి కొంతసేపటికి ఇంకొక మగది వచ్చినది. రెండును ఎదురెదురుగా నిలిచి ముక్కులు ముట్టించుకొని, వెనుక కాళ్ళమీద లేచి, భుజాలు పట్టుకొని కుస్తీ పట్టినవి. ఒకదానినొకటి పడద్రోయును, పడినది లేచి మరల రమ్మన్నట్లు నిలుచును. రక్తము లేదు, కోపము లేదు. అది వట్టి సాధకమట. ఇరవై నిమిషాలు అలా ఆడి, అలిసిపోయి, ఎదురెదురుగా మంచులో బోర్లా పడుకొని వేడి దించుకొన్నవి. అంత చలిలో వాటికి ఉక్కపోత!

మేము ఎక్కువగా తలంచుకొనేది మధ్యాహ్నము చూచిన తల్లిని. విల్లో పొదల మాటున గాలికి వీపు పెట్టి పడుకొన్నది. దాని మెడ క్రింద దూర్చుకొని ఒకే పిల్ల. సాధారణముగా రెండు పుట్టుతాయి. క్రిందటి చలికాలములో మంచు గుహలో పుట్టినప్పుడు అది 600, 700 గ్రాముల ముద్ద. మన వైపు పుట్టే పసిబిడ్డలో నాలుగవ వంతు బరువు. చూలాలైన తల్లి జూలైలో ఒడ్డెక్కి, గుహలో ఈని, పాలిచ్చి, ఫిబ్రవరి మార్చిలో పిల్లలతో మంచుమీదికి తిరిగి పోయేవరకు ఎనిమిది నెలలు ఏమియు తినదు. ఎనిమిది నెలల ఉపవాసములో ప్రసవము, పాలు. మేము చూచిన తల్లి ఆ ఉపవాసము దాటి, వసంతములో సీళ్ళను తిని, మరల వేసవి ఉపవాసపు చివరికి వచ్చియున్నది. దాని నడుము ఎముక తెలియుచున్నది. డ్రైవరమ్మ దుర్భిణి దించి, "సన్నగా ఉంది" అని మాత్రము అన్నది.

ఇంతలో ఉదయము చూచిన మగవాటిలో ఒకటి గాలికి ఎదురు నడుస్తూ ఆ వైపు వచ్చినది. మగవి పిల్లలను చంపుట కలదు. తల్లి ముక్కు పైకెత్తినది. ఒక్క క్షణము పట్టలేదు, లేచి నిలిచి, పిల్లను ముక్కుతో నెట్టి, సముద్రపు వైపు నడచినది. పరుగెత్తలేదు. పరుగెత్తితే క్రొవ్వు కరుగును, ఒళ్ళు వేడెక్కును. పిల్ల మాత్రము ప్రతి పది అడుగులకు ఆగి వెనుకకు చూచుట, మరల గంతులు వేసి తల్లిని కలిసికొనుట. అవి కనుమరుగయ్యేవరకు బండిలో ఇరవై మందిమి ఉండి ఒక్కరమును మాటలాడలేదు.

ఆ సాయంకాలము బసలో డ్రైవరమ్మ చెప్పిన సంగతులు, మా మిత్రుడు చదివినవి కలిపి వ్రాయుచున్నాము. 1980ల కాలముతో పోల్చితే ఈ ప్రాంతపు ఎలుగుబంట్లు ఇప్పుడు సుమారు మూడు వారాలు ఎక్కువగా ఒడ్డుమీద గడపవలసి వచ్చుచున్నది. మంచు ముందుగా కరుగుచున్నది, ఆలస్యముగా నిలుచుచున్నది. మూడు వారాలంటే మనకు అల్పముగా తోచును. తొలకరి మూడు వారాలు ఆలస్యమైతే ఏమగునో ఎరిగిన రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. 1980లలో పశ్చిమ హడ్సన్ అఖాతములో సుమారు 1,200 ఉండేవని అంచనా. 2016 లెక్కలో 842. 2021 లెక్కలో 618. కొన్ని వేరే ప్రాంతమునకు పోయియుండవచ్చునని కూడ లెక్కవేసినవారు చెప్పారు. ముందుగా దెబ్బ తగిలేది తల్లులకు, పిల్లలకు. బరువు చాలని తల్లికి పాలు తగ్గును, లేక అసలు ఈనదు.

అయితే ఒక మాట వ్రాయకుండ ఈ ప్రయాణ వృత్తాంతము ముగించలేము. మరునాడు డ్రైవరమ్మ ఊరి వెలుపల ఒక స్థలము చూపించినది. ఇప్పుడు ఇండ్లు లేవు, పొదలు పెరిగినవి. ఒకప్పుడు అక్కడ డేనే జనులు నివసించారట. చర్చిల్ ఊరికి పునాది వేసిన వారిలో డేనే స్త్రీ ఒకతె ఉన్నది. ఆమె పేరు తనాడెల్తూర్. 1715, 1716లలో కంపెనీ మనుష్యులను, క్రీ జనులను వెంటబెట్టుకొని మంచు ఎడారిలో నడచి, తరతరాలుగా పగతోనున్న క్రీ, డేనే జాతులకు సంధి చేసినది. ఆ సంధివలననే 1717లో ఇక్కడ వర్తకము సాధ్యమైనది. ఆమె ఆ సంవత్సరపు ఫిబ్రవరిలోనే జబ్బుచేసి చనిపోయినది, ఊరు కట్టుట చూడలేదు.

ఆమె జాతివారైన సయీసీ డేనే జనులు కారిబూ జింకల మందల వెంట తిరుగుతూ ఉత్తర మానిటోబాలో బ్రతికేవారు. వారు జింకలను అధికముగా చంపుచున్నారని ప్రభుత్వము తలంచినది. ఆ తలంపుకు తగిన ఆధారము లేదని తరువాత తేలినది. 1956లో విమానము పంపి, సుమారు 250 మందిని తీసికొనివచ్చి చర్చిల్ ఒడ్డున దించారు. చాలినన్ని ఇండ్లు లేవు, జింకలు లేవు, పని లేదు. ఆకలికి ఊరి చెత్తకుప్పలో వెదకుకొన్నారు. చలి, మద్యము, హింస, ఇండ్లు కాలుట. కొద్ది యేండ్లలో వారిలో దాదాపు మూడవ వంతు మంది చనిపోయారు. 1973లో మిగిలినవారు తామే నిశ్చయించుకొని, అడవిలో టాడూలీ సరస్సు యొద్దకు పోయి ఊరు కట్టుకొన్నారు. 2016లో కెనడా ప్రభుత్వము వారిని క్షమాపణ అడిగినది.

ఎలుగుబంట్లు మేసిన చెత్తకుప్పయు, ఆ మనుష్యులు వెదకికొన్న చెత్తకుప్పయు ఒకే ఊరివి. ఎలుగుబంటిని చంపక కాపాడుటకు 28 గదులు కట్టినది ఎంత మంచి పనియో మేము కండ్లార చూచి వచ్చాము. దానిని తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని ఆ గదులు కట్టుటకు ముందు పదిహేడు యేండ్లు ఆ నేలమీదనే మనుష్యుల బిడ్డలు చలిలో ఉన్నారు. ఎలుగుబంటిని చూడ వచ్చినవారు ఈ పొదలను కూడ చూచి పోవుట న్యాయము. మా బండిలోని ఇరవై మందిలో ఆ స్థలమును చూపించమని అడిగినవారు లేరు, ఆమెయే ఆపి చూపించినది. ఆమె బంధువులెవరైనా అక్కడ ఉండేవారేమోనని మా మిత్రుడు అడుగబోగా, ఆమె బండి తిప్పివేసినది. మేము మరల అడుగలేదు.

తిరుగు రైలు ఎక్కవలసిన రోజు ఉదయము కొన్ని గంటల తీరిక ఉన్నందున నది మొగ యొద్దనున్న కేప్ మెర్రీ చూడబోయాము. అక్కడ కాలినడకన తిరుగవచ్చును గాని తుపాకి పట్టిన కాపరి వెంట ఉండవలెను. నదికి అవతల ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కోట కనిపించినది. సుమారు నలభై యేండ్లు కష్టపడి కట్టిన రాతి కోట అది. 1782లో ఫ్రెంచివారు మూడు ఓడలతో రాగా ఒక్క ఫిరంగి ప్రేల్చకనే అప్పగించబడినది. లోపల నలభై మంది కూడ లేరు, వారు చేసినదే తెలివి.

కాపరి మమ్మును ఒడ్డున ఆపి నీటి అంచు చూపించాడు. నది ప్రక్కన మంచు పలకగా నిలిచినది, గాజు రంగుగా ఉన్నది. దానిమీద రాత్రి రాలిన పలుచని మంచుపొడి. ఆ పొడిలో అడుగుజాడలు ఒడ్డునుండి బయలుదేరినవి. ఒక్కొక్కటి మన అన్నము పళ్ళెమంత. వాటి ప్రక్కన, వాటిలోనే అక్కడక్కడ, అరచేయంత చిన్న జాడలు. ఇరవై అడుగులు పోయినవి. అక్కడ మంచు పగిలి, నల్లని నీరు పైకి వచ్చి మరల గడ్డకట్టినది. పెద్ద జాడలు ఆ చోట ముందు పాదముతో నొక్కి చూచినట్లు రెండు మూడుసార్లు పడి, వెనుకకు తిరిగినవి. చిన్నవి కూడ తిరిగినవి.

"ఇంకెన్ని రోజులు?" అని మా మిత్రుడు అడిగారు. కాపరి గాలి వచ్చే దిక్కుకు ముఖము త్రిప్పి కొంతసేపు నిలిచి, రెండు వారాలు కావచ్చు, మూడు కావచ్చు అన్నాడు. అప్పటికే రైలు కూత వినబడినది.